మడిచిన టేపు కొస

పోయిన వారం మనం సెవెరీనాను మూడో అంతస్తు గడప దగ్గర వదిలేశాం. చేతిలో పనిముట్ల సంచి, ఎదురుగా ఔరికా గారి కూతురు లిగియా. తలుపు తీసీ తీయగానే లిగియా "మా అమ్మకు ఈ గతి పట్టించింది మీరేనా?" అని అడిగింది. సెవెరీనా నోరు తెరిచేలోగా మనకు పేజీ నిండిపోయింది.

మధ్యలో చేరిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. సెవెరీనాకు నలభై ఒక్కేళ్ళు. పద్దెనిమిదేళ్ళు మెదియాష్ ఊళ్ళో చెప్పుల ఫ్యాక్టరీలో తోలు కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక తియోఫిల్ మేస్త్రీ దగ్గర చేరి, ఇళ్ళు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లు బాగుచేయడం నేర్చుకుంటోంది. రెండేళ్ళయింది. ఎల్లుండి గురువారం పరీక్ష. గట్టెక్కితే సొంత లైసెన్సు. ఔరికా గారింట్లో బాయిలర్ పది నిమిషాలకోసారి ఆరిపోతోందంటే పోయిన బుధవారం ఒక్కతే వెళ్ళి బాగుచేసి వచ్చింది. ఆదివారం సాయంత్రం ఆ ఔరికా గారే వంటింట్లో స్పృహ తప్పి పడిపోయింది. పొయ్యి మీద మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు మాడిన వాసన కింది వాటాకు తగలబట్టి వాళ్ళొచ్చి తలుపు పగలగొట్టారు. బాయిలర్ వదిలిన విషవాయువు అన్నారు ఆసుపత్రిలో. రెండు రోజులుగా ఆమె ఆక్సిజన్ మీద ఉంది, కళ్ళు తెరవలేదు. మెట్ల పొడుగునా ఉన్నవాళ్ళు మాత్రం నోళ్ళు బాగానే తెరిచారు. చెప్పులు కుట్టే చేత్తో మంటలు ముట్టుకుంటే ఇంతే మరి అని సెవెరీనా పైకెక్కుతుంటే ఆమె వీపుకు వినిపించేలాగే అన్నారు.

లిగియా పక్కకు జరిగి దారి ఇచ్చింది, అదీ సగమే. ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆదివారం అగ్నిమాపక సిబ్బంది తెరిచి వెళ్ళిన కిటికీలను మళ్ళీ మూయడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. బయట సున్నాకు పద్నాలుగు డిగ్రీల కింద గడ్డకట్టే చలి. లిగియా కోటు విప్పకుండానే తిరుగుతోంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. మూడేళ్ళ కూతుర్ని పొద్దున్నే వెనక వీధిలో సవేతా గారి దగ్గర దింపి, ఆసుపత్రికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇటొచ్చింది. ఆ వీధిలో పనికి పోయే తల్లులందరూ పిల్లల్ని దింపేది సవేతా ఇంట్లోనే.

పదకొండున్నరకు గ్యాస్ ఇన్‌స్పెక్టర్ వస్తాడని, అప్పటిదాకా బాయిలర్ జోలికి ఎవరూ పోకూడదని చెప్పి ఉంది. బాయిలర్‌కు వెళ్ళే గ్యాస్ కొళాయి కట్టేసి దాని మీద సీలు వేశారు. టైము పదకొండు కావస్తోంది.

వంటింట్లో తియోఫిల్ మేస్త్రీ ముందే వచ్చి కూర్చున్నాడు. మామూలుగా ఏ ఇంటికి వెళ్ళినా ఆయన టోపీ తీసి, ఇల్లాలికి "మీ చేతికి ముద్దు" అని పలకరించి, బాయిలర్ కంటే ముందు వాళ్ళ రేగుపళ్ళ సారా ఎలా ఉందో చూసేవాడు. ఇవాళ టోపీ నెత్తినే ఉంది. ముందున్న కాఫీ మీద మీగడ కట్టింది. సెవెరీనా పలకరిస్తే తలాడించి కిటికీ వైపు చూశాడు. తన వల్ల ఆయన పేరు కూడా బజారున పడిందని కోపం కాబోలు అనుకుని ఆమె లోలోపలే కుంగిపోయింది. ఆమె చేసిన ప్రతి పని కింద సంతకం ఆయనదే.

"అసలు పని తెలిసే చేశారా?" అంది లిగియా. "లేక బూటు మడమకు మేకు కొట్టినట్టు దీనికీ నాలుగు కొట్టి పోయారా?"

"బూటు తప్పు కుడితే కాలు కరుస్తుందండీ. ఇది తప్పు చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే మొన్న బుధవారం గంట పనికి మూడు గంటలు కూర్చున్నాను."

ఆ మూడు గంటల్లో ఏం చేసిందీ సెవెరీనా చెప్పింది. ఈ పాతకాలం బాయిలర్ మంటకు కావలసిన గాలిని వంటింట్లోంచే తీసుకుంటుంది, పొగను గొట్టంలోంచి పైకి పంపుతుంది. గాలి లోపలికి రావడానికి గోడ అడుగున ఒక జాలీ ఉంటుంది. మొన్న చూస్తే ఆ జాలీలో ఉన్ని మేజోడు కుక్కి ఉంది. దాన్ని లాగేసింది, మసి దులిపింది, గంటన్నర మండించి చూసింది. ఒక్కసారి కూడా ఆరలేదు. మళ్ళీ ఏదీ కుక్కొద్దని ఔరికా గారికి ఒకటికి మూడుసార్లు చెప్పి వచ్చింది.

లిగియా నమ్మలేదు. నమ్మాలని కూడా లేదు. ఎవరో ఒకరి మీద కోపం నిలబెట్టుకోకపోతే ఆమె ఏడుస్తుంది, అంతే.

సెవెరీనాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇన్‌స్పెక్టర్ వచ్చి తేల్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం ఆమె వల్ల కాని పని. ముట్టుకోవద్దన్నారు కానీ చూడొద్దనలేదు కదా అనుకుంది. తలుపు మీది దేవుడి పటం పక్కన సన్నటి మైనపు వత్తి ఉంటే అడిగి తీసుకుంది. వెలిగించి, స్టూలెక్కి, బాయిలర్ నెత్తిన పొగగొట్టం మొదట్లో ఉండే చీలిక దగ్గర పట్టింది. మంట బుద్ధిగా లోపలికి వంగింది. గొట్టం లాగుతోంది.

"అంటే గొట్టం బాగానే ఉంది. తప్పు మీ పనిలోనే ఉంది," అంది లిగియా.

"ఆదివారం సాయంత్రం కిటికీలు ఇలా తెరిచి ఉన్నాయా?"

లేవు. ఎలా ఉంటాయి? ఇంత చలిలో ఎవరు తెరుస్తారు? అప్పుడు సెవెరీనా ఆదివారం ఎలా ఉందో అలాగే చేయమంది. కిటికీలు, తలుపులు మూయించింది. అవి అక్టోబరులో లిగియా దగ్గరుండి పెట్టించిన జంట అద్దాల కొత్త కిటికీలు, మూస్తే చీమ దూరే సందుండదు. క్యాబేజీ చుట్టలు ఉడుకుతున్నాయంటే పొయ్యి మీది ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్ కూడా తిరుగుతూ ఉండాలి. ఆ మీటా నొక్కింది. మళ్ళీ స్టూలెక్కి వత్తి పట్టింది.

మంట ఒక క్షణం నిటారుగా నిలబడి, అటూ ఇటూ ఊగి, ఆమె ముఖం మీదికి వంగి ఆరిపోయింది. గొట్టంలోంచి చల్లటి మసి వాసన గుప్పున గదిలోకి దిగింది. ఫ్యాన్ గదిలో గాలిని బయటికి లాగేస్తుంటే, పైకి పోవలసిన దారిలో గాలి కిందికి వస్తోంది. లిగియా గబగబా వెళ్ళి కిటికీ తెరిచేసింది.

సెవెరీనా స్టూలు దిగి నేల మీద బోర్లా పడుకుంది. ఉప్పులో ఊరేసిన క్యాబేజీ పీపాను పక్కకు నెట్టింది. మొన్న ఆ పీపా అక్కడ లేదు. దాని వెనక జాలీ సందుల్లో బూడిదరంగు ఉన్ని, వేలు కూడా దూరనంత గట్టిగా కూరి ఉంది. లాగితే మూరెడు పొడుగున బయటికొచ్చింది. చేతితో అల్లిన స్వెటరు తాలూకు చెయ్యి.

"అది నాన్నది," అంది లిగియా.

ఆ ఊళ్ళో పన్ను నొప్పి పుట్టినా, మెడ పట్టేసినా, చెవిలో పోటు వచ్చినా నేరం రెండు సందుల మధ్య దూరే గాలిదే. మండు వేసవిలో బస్సులో ఎదురుబొదురు కిటికీలు తెరిస్తే తన్నుకునేదాకా పోతుంది. ఔరికా గారి భర్త పోయినప్పుడు డాక్టర్లు గుండెపోటు అన్నా, ఆమె మాత్రం ఆయన్ను గాలే తీసుకుపోయిందని ఇరవై ఏళ్ళుగా చెబుతోంది. మొన్న సెవెరీనా మేజోడు లాగేస్తుంటే కూడా "మెడ మీద కొడుతుందమ్మా, పోతే మీరు తెచ్చిస్తారా నా ప్రాణం" అని సణిగింది. సణిగి ఊరుకుంటుందనుకుంది సెవెరీనా.

లిగియా ఆ ఉన్నిని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. అమ్మ చలికి వణుకుతోందనే కదా కిటికీలు మార్పించానంది. పాతవాటికి సందులుండేవి, ఊళ్ళు తిరిగే గాలంతా వచ్చేదంది. ఆ సందుల పుణ్యమా అనే ఇన్నేళ్ళూ ఆమె బతికి ఉందని సెవెరీనాకు అర్థమైంది. కానీ కూతురితో అనే మాట కాదు కాబట్టి ఊరుకుంది.

లోపల మాత్రం సంతోషం ఆగలేదు, దాచడమెందుకు. తప్పు తనది కాదు. గురువారం పరీక్షకు తలెత్తుకుని వెళ్ళొచ్చు. మెట్ల మీది నోళ్ళకు ఈ స్వెటరు చెయ్యి చూపించొచ్చు. మేస్త్రీ ముఖంలోనూ ఆ తేలిక కనిపిస్తుందని తిరిగి చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు తట్టింది ఆమెకు. మేజోడు కుక్కినప్పుడు బాయిలర్ ఏం చేసింది? పది నిమిషాలకోసారి ఆరిపోయింది. పొగ వెనక్కి తిరిగితే మంట ఆపేయడానికి ఆ చీలిక దగ్గర గోరంత సెన్సర్ ఉంటుంది. అది ఆపబట్టే తనను పిలిచారు. మరి స్వెటరు చెయ్యి కుక్కిన రోజున కూడా అలాగే ఆరిపోవాలి. ఔరికా గారు చలికి వణకాలి, తిట్టుకోవాలి, ఫోను చేయాలి. విషవాయువు నిండి పడిపోయేదాకా అది ఎందుకు మండింది?

"మేస్త్రీ, మూత విప్పుతున్నాను."

"వద్దమ్మాయ్. ఇన్‌స్పెక్టర్ రానీ."

రెండేళ్ళలో ఆయన ఏ బాయిలర్ మూత విప్పుతానన్నా వద్దనలేదు. సెవెరీనా స్క్రూడ్రైవర్ తీసింది. అడుగున రెండు మరలు, మూత చేతిలోకొచ్చింది. సెన్సర్‌కు వెళ్ళవలసిన రెండు తీగలూ దానికి లేవు. ఒకదానికొకటి కలిపి మెలిపెట్టి, పైన నల్లటి టేపు చుట్టి ఉంది. పొగ వెనక్కి తిరిగినా చెప్పే దిక్కు లేకుండా బాయిలర్ నోరు కట్టేశారు.

టేపు కొస వేలి వెడల్పున లోపలికి మడిచి ఉంది.

పనిలో చేరిన మొదటి రోజు మేస్త్రీ నేర్పిన మొదటి సంగతి అది. మరలు కాదు, మంటలు కాదు, టేపు కొస మడవడం. "రేపొచ్చి విప్పేవాడు గోళ్ళతో గీక్కోకూడదు. వాడూ మనలాంటోడే" అన్నాడు. మెదియాష్ మొత్తానికి ఇలా మడిచేవాళ్ళు ఇద్దరే. ఒకరు తను. తను ఇది కట్టలేదు.

లిగియా ఏమిటి, ఏముంది అని అడుగుతూనే ఉంది. ఇంతలో ఆమె ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. సిగ్నలు కోసం ముందు గదిలోకి పరుగెత్తింది.

వంటింట్లో ఇద్దరే మిగిలారు.

"ఎప్పుడు?" అంది సెవెరీనా.

శనివారం సాయంత్రం అన్నాడు మేస్త్రీ. ఔరికా గారు ఫోను చేసింది, మళ్ళీ ఆరిపోతోందని. చీకటి పడుతోంది, చలి ముదురుతోంది, ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. ఈ సెన్సర్లు పాతబడితే ఊరికే ఆపేస్తుంటాయి, ఇదీ అలాగే పాడైందనుకున్నాడు. కొత్తది సిబియు నగరం నుంచి రావాలి, సోమవారం దాకా రాదు. రెండు రోజులకని తీగలు కలిపాడు. సోమవారం వచ్చి మార్చేవాడే. ఆదివారమే ఇలా అయింది.

"జాలీ చూశారా?"

"బుధవారం నువ్వు చూశావు కదా," అన్నాడు ఆయన. "నువ్వు చూశాక నేను మళ్ళీ చూడ్డమెందుకనుకున్నా."

రెండేళ్ళుగా ఆయన నోట వినాలని ఆశపడ్డ మాట అది. ఇన్నాళ్ళకు వచ్చింది, ఇలా వచ్చింది. సెవెరీనాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. మెట్లంతా తనను ఆడిపోసుకుంటుంటే రెండు రోజులుగా ఈయన నోరు మెదపలేదు. పొద్దున్నే తనకంటే ముందొచ్చి కూర్చున్నది కూడా ఈ తీగలు విప్పడానికేనేమో. లిగియా పక్కనుంచి కదలకపోవడంతో కాఫీ ముందు ఇరుక్కుపోయాడు.

"అర నిమిషం పనమ్మాయ్," అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి. "విప్పి వాటి చోట వాటిని పెట్టేస్తే మిగిలేది ఆ ఉన్ని ముక్క ఒక్కటే. నేరం ఎవరి మీదా పడదు."

"ఔరికా గారి మీద పడుతుంది."

"పెద్దావిడ. ఆమెనెవరూ జైల్లో పెట్టరు." కాఫీ కప్పు పక్కకు జరిపి మళ్ళీ అన్నాడు. "నా లైసెన్సు పోతే నీ కాగితం కూడా చెల్లదు. నీ రెండేళ్ళ పనికీ సాక్షి సంతకం నాదే. బెదిరించడం లేదు, ఉన్నమాట చెబుతున్నా."

ఉన్నమాటే. మళ్ళీ రెండేళ్ళు ఎవరి దగ్గర చేరాలి? నలభై ఒక్కేళ్ళకు ఎవరు చేర్చుకుంటారు? అదీ తన మేస్త్రీని పట్టిచ్చిన మనిషిని? సెవెరీనా చెయ్యి తీగల దాకా వెళ్ళింది. మడిచిన కొస వేళ్ళకు తగిలింది. పట్టుకుని లాగితే చాలు, ఒక్క చుట్టులో ఊడి వస్తుంది. అందుకే కదా మడిచేది.

ఎంత హాయిగా ఊడి వస్తుందో తోచగానే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ ముడి వేసిన చెయ్యి తడబడలేదు. అలవాటైన చెయ్యి అది.

"ఇది మొదటిది కాదు కదా మేస్త్రీ?"

"ముప్ఫై ఏళ్ళలో వంద ఇళ్ళల్లో కలిపి ఉంటా. కొత్త సెన్సర్ రాగానే విప్పేస్తా. ఎప్పుడూ ఏమీ కాలేదు."

"ఈ చలికాలం సంగతి అడుగుతున్నాను. ఇవాళ, ఈ పూట, ఎన్ని ఇళ్ళల్లో ఇలా కట్టి ఉన్నాయి?"

మేస్త్రీ చెయ్యి పైకెత్తాడు. బొటనవేలు ముడిచాడు. తర్వాత చూపుడువేలు. పెదాలు కదులుతున్నాయి, పేర్లు వినబడటం లేదు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి ఎత్తాడు. అప్పటిదాకా ఆయనకే ఆ లెక్క తెలియదని ఆ ముఖం చూస్తే తెలిసింది.

సెవెరీనా గోడ మీది చర్చి క్యాలెండరు నుంచి పోయిన నెల కాగితం చింపి, వెనకవైపు తిప్పి, పెన్సిలుతో సహా ఆయన ముందు పెట్టింది. "రాయండి. అన్నీ," అంది.

"అమ్మాయ్, గురువారం..."

"గురువారం సంగతి గురువారం చూద్దాం. ఇవాళ మంగళవారం, మైనస్ పద్నాలుగు డిగ్రీల చలి. అందరూ కిటికీలు మూసుకుని ఉంటారు."

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పెన్సిలు పట్టుకున్నాడు. ఒకటి రాశాడు, రెండు రాశాడు. వీధి పేరు, ఇంటి నంబరు, ఇంటివాళ్ళ పేరు. సెవెరీనా బాయిలర్ మూతను మళ్ళీ బిగించలేదు. గోడకు ఆనించి, తీగలు కనిపించేలా అలాగే వదిలేసింది. ఇప్పుడిక వెనక్కి పోవడానికి లేదు.

వీధి తలుపు గంట మోగింది. ఇన్‌స్పెక్టర్ చెప్పిన టైముకే వచ్చాడు.

లిగియా ముందు గదిలోంచి వచ్చింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. అమ్మ కళ్ళు తెరిచిందట. నర్సును మొట్టమొదట అడిగిన మాట, కిటికీ మూశారా లేదా అని. అది చెబుతూ లిగియా సెవెరీనా చెయ్యి పట్టుకుంది. పొద్దుటి నుంచి ఆమె చేసిన మొదటి మంచిపని అది. తలుపు తీయడానికి వెళుతూ బల్ల పక్కన ఆగింది. మేస్త్రీ ఏడో పేరు రాసి పెన్సిలు కింద పెట్టాడు. తలెత్తలేదు.

"ఇందులో సవేతా గారి పేరెందుకుంది?" అంది లిగియా.

"వాళ్ళింట్లోనూ బాయిలర్ తీగలు ఇలాగే కట్టి ఉన్నాయి." సెవెరీనా గోడ గడియారం వైపు చూసింది. పదకొండున్నర. సవేతా పిల్లలకు పదకొండింటికి సూపు పెడుతుంది. పదకొండున్నరకల్లా లిగియా కూతురితో సహా తొమ్మిదిమందినీ పడుకోబెట్టి, చంటివాళ్ళకు గాలి సోకకూడదని కిటికీలన్నీ మూసి, తలుపు కింది సందులో దుప్పటి చుట్ట కూడా పెడుతుంది. వీధిలో అందరూ ఆమెను మెచ్చుకునేది అందుకే.

"మేస్త్రీ, ఇన్‌స్పెక్టర్ గారికి మీరే చూపించండి," అంది సెవెరీనా. ఆమె అప్పటికే సంచీ లేకుండా, కోటు లేకుండా తలుపు తీసి, గడపలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్‌ను దాటుకుని మెట్లు దిగుతోంది. వెనక లిగియా ఫోను చెవికి ఆనించుకుని పరుగెత్తుకొస్తోంది.

"ఎత్తడం లేదు," అంది లిగియా రెండో అంతస్తు మలుపులో. "మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు."